హలబ్ కొడుకు, హాలోవీన్ ముసుగు

ఇంగ్లీషు భూతాల ఫిల్ములంటే నాకు చిన్నప్పటి నుంచి షౌక్. అమ్మీకి మాత్రం సుతరామూ పసంద్ లేదు. "మగ్రిబ్ వేళ షైతాన్ బొమ్మలు పెట్టుకుని కూర్చుంటే ఇంట్లోకి రహమత్ ఎట్లా వస్తుంది బేటా" అని టీవీ బంద్ చేసేది. నేను ఇషా అయ్యాక ఆవాజ్ తగ్గించి మళ్లీ పెట్టేవాణ్ణి. ఆ ఆదత్ ఇప్పటికీ పోలేదు. మొన్న ఈద్ సెలవుల్లో మా ఆపా కొడుకు దుప్పట్లో దూరి ఫోన్లో 'హాలోవీన్' చూస్తూ దొరికాడు. "ఇదంతా అమెరికావాళ్ల ఖయాల్, మనకేం సంబంధం మామూ" అన్నాడు. ఆ ఫిల్ముకు పైసలు పెట్టినాయన పేరు ముస్తఫా అనీ, పుట్టింది సిరియాలోని హలబ్ షహర్‌లో అనీ చెప్పాను. మజాక్ చేస్తున్నాననుకున్నాడు. అందుకే ఇది రాస్తున్నాను.

ముందుగా పాత ఫిల్ముల మీద నా రాయ్ కాస్త చెప్పనివ్వండి. నా లెక్కలో భయపెట్టడం ఎట్లాగో తెలిసిన ఫిల్ము 1932లో వచ్చిన 'ది మమ్మీ'. బోరిస్ కార్లాఫ్ హీరో. ఈయన అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్, తండ్రి బ్రిటిష్ ఇండియాలో ఉప్పు పన్నుల మహకమాలో నౌకరీ చేసినవాడే. ఆ ఫిల్ములో మమ్మీ లేచి నడవడం మనకు చూపించరు. ఒక కుర్రాడు మంత్రం పెదాల మీదే చదువుతాడు, కళ్లు కొంచెం తెరుచుకుంటాయి, ఓ చెయ్యి కదులుతుంది, తర్వాత గుమ్మం దగ్గర నేల మీద ఈడ్చుకుపోతున్న గుడ్డపీలిక. అంతే. కుర్రాడు పిచ్చివాడై నవ్వుతుంటాడు. ఇప్పటి కంప్యూటర్ భూతాలు వందొచ్చినా ఆ పీలిక ముందు దిగదుడుపే. కాకపోతే ఒక షికాయత్ ఉంది. ఆ మమ్మీ మనిషి వేషం వేసుకున్నాక నెత్తిన తుర్కీ టోపీ పెట్టుకుని 'బే' అని పేరు చెప్పుకుంటాడు. ఫిరౌన్ జమానా పూజారి, కానీ జనం భయపడాల్సింది మాత్రం మన టోపీ చూసి!

1973 నాటి 'ది ఎక్సార్సిస్ట్' ఇంకా విచిత్రం. దాన్ని నేను గొప్ప ఫిల్మే అంటాను, మంచం ఊగడం, తల తిరగడం చూసి కాదు, ఆ తల్లి డాక్టర్ల చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోయే సీన్లు చూసి. కానీ ఫిల్ము మొదలయ్యేది ఇరాక్‌లో. తెర మీద బొమ్మ సరిగా పడకముందే చెవిన పడేది అజాన్. అజాన్ వింటే షైతాన్ పారిపోతాడని మనకు హదీస్ ఉంది. హాలీవుడ్డేమో షైతాన్ రాకకు ఇషారాగా దాన్నే వాడుకుంది. ఆ భూతం పజూజూ ఇస్లాం రాకకు ఎన్నో వందల ఏళ్ల ముందటి బాబిల్, అసూర్ కాలపుది, దానికీ మసీదుకూ ఏ రిష్తా లేదు. ఐనా చూసేవాడి దిల్‌లో రెండూ ఒకటిగా అతుక్కుపోతాయి. నేను మొదటిసారి చూసినప్పుడు భయపడింది అక్కడే, ఆ అజాన్‌కు భయపడమని నన్ను కూర్చోబెట్టారని అర్థమైనప్పుడు.

అట్లాగని అక్కడ మనవాళ్ల నీడే పడలేదని కాదు. 1940 'థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో నవ్వుతూ సీసాలోంచి జిన్‌ను వదిలిన పిల్లగాడు సాబూ మైసూరు వైపు మావటి కొడుకు, దస్తగీర్ ఖాందాన్. కానీ సాబూ కథ ఇంకోసారి.

ముస్తఫా అక్కాద్ 1930లో పుట్టాడు. ఫిల్ములు తీయడం నేర్చుకుంటానని అమెరికా బయల్దేరితే తండ్రి విమానం దగ్గర ఒక జేబులో 200 డాలర్లు, ఇంకో జేబులో ఖురాన్ షరీఫ్ పెట్టి పంపాడట. ఇంతకు మించి ఇవ్వడానికి నా దగ్గరేం లేదన్నాడని అక్కాద్ తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. లాస్ ఏంజిల్స్‌లో చదువుకున్నాడు, అక్కడే కుదురుకున్నాడు. పిల్లలు పుట్టాక, తన దీన్ గురించి అమెరికావాళ్లకు ఒక ఫిల్ముతో చెప్పాలని తహియా చేసుకున్నాడు. అదే 1976లో వచ్చిన 'ది మెసేజ్', అరబ్బీలో 'అర్‌రిసాలా'.

నబీ కరీం (సల్లల్లాహు అలైహి వసల్లం) జీవితం, కానీ ఆయన రూపం కనిపించకూడదు, ఆవాజ్ కూడా వినిపించకూడదు. ఆయన ఉన్నచోట కెమెరా ఉంటుంది, మిగతావాళ్లు దాని వైపు చూసి మాట్లాడతారు. హజ్రత్ హంజా (రజి)గా ఆంథోనీ క్విన్, హింద్‌గా ఐరీన్ పపాస్. అరబ్బీ ఫిల్ముకు డబ్బింగ్ చెప్పించి ఊరుకోలేదు. అదే సెట్టులో, ఇంగ్లీషువాళ్ల సీను కాగానే అరబ్ నటులతో మళ్లీ తీశాడు. అందులో అబ్దుల్లా గైస్, మునా వాసిఫ్. నన్నడిగితే అరబ్బీదే మేలు. క్విన్ గొప్ప నటుడే గానీ హంజాలోనూ ఆయన క్విన్‌లాగే కనిపిస్తాడు. మరాకెష్ దగ్గర మక్కా సెట్టు వేసి షూటింగ్ చేస్తుంటే సౌదీ దబావ్‌తో మొరాకో వెళ్లగొట్టింది. చివరికి లిబియాలో గద్దాఫీ నీడన పూర్తయింది.

తర్వాత జరిగిందే అసలు అఫ్సోస్. క్విన్ నబీ వేషం వేశాడని ఎవరో పుకారు లేపారు. 1977 మార్చిలో వాషింగ్టన్‌లో 12 మంది హనఫీ ముస్లింలు మూడు బిల్డింగుల్లో సుమారు 150 మందిని బందీలుగా పట్టుకున్నారు. వాళ్ల నాయకుడి ఇంట్లో పసిపిల్లలతో సహా ఏడుగురిని నాలుగేళ్ల కింద దుశ్మన్లు చంపేశారు. ఆ గాయం నిజం. కానీ డిమాండ్లలో ఒకటి ఈ ఫిల్ము ఆపాలని. అందులో ఏముందో చూసే సబర్ ఎవరికీ లేకపోయింది. ఇద్దరి ప్రాణాలు పోయాయి. ఈజిప్టు, పాకిస్తాన్, ఇరాన్ రాయబారులు వెళ్లి ఖురాన్ ఆయతులు చదివి వినిపించి మాట్లాడితే గానీ బందీలు బయటికి రాలేదు. అమెరికాలో ఫిల్ము నడవలేదు.

ఆ మరుసటి ఏడే, 1978లో, అక్కాద్ దగ్గరికి జాన్ కార్పెంటర్ అనే కుర్ర డైరెక్టర్ వచ్చాడు. అడిగింది సుమారు 3 లక్షల డాలర్లు. ఆ రోజుల్లో ఒమర్ ముఖ్తార్ ఫిల్ము పనిలో ఉన్న అక్కాద్‌కు అది లెక్కలోకి రాని మొత్తం. అట్లా 'హాలోవీన్' తయారైంది. ముసుగు కొనడానికి కూడా పైసల్లేక, 'స్టార్ ట్రెక్' కెప్టెన్ మొహంతో దుకాణంలో దొరికే రబ్బరు ముసుగు రెండు డాలర్ల లోపు కొని, తెల్ల రంగు పూశారు. ఎండాకాలంలో షూటింగ్, కథేమో ఆకులు రాలే కాలం. కాగితం ఆకులకు రంగేసి వీధిలో చల్లి, సీను అవగానే మళ్లీ సంచుల్లోకి ఎత్తుకునేవారు. హీరోయిన్ జేమీ లీ కర్టిస్, 'సైకో'లో స్నానాల గదిలో చచ్చిపోయే జానెట్ లీ కూతురు. ఫిల్ములో నెత్తురు చాలా తక్కువ. భయమంతా చీకటి గుమ్మాల్లో, డైరెక్టరే కట్టిన ఆ పియానో బాణీలో ఉంది. దునియా మొత్తం మీద సుమారు 7 కోట్ల డాలర్లు తెచ్చింది.

ఇందులో మొదటి సీను కూడా కెమెరా కళ్లతోనే నడుస్తుంది. హంతకుడు కనిపించడు, వాడు చూసేదే మనం చూస్తాం. తౌబా, నేను రెండు ఫిల్ములనూ పోల్చడం లేదు, అది కార్పెంటర్ పనితనమే. ఒకే హునర్‌ను మనిషి ఎందుకు వాడతాడన్నదాని మీద ఎంత ఫరఖ్ ఉంటుందో అని సోంచాయిస్తే ఆశ్చర్యమేసింది, అంతే.

అక్కాద్ 1981లో 'లయన్ ఆఫ్ ది డెజర్ట్' విడుదల చేశాడు. లిబియా పెట్టిన 3 కోట్ల 50 లక్షల డాలర్లు మునిగాయి. ఇటలీ తన ఫౌజు ఇజ్జత్ పోతుందని నిషేధించింది, 2009 దాకా అక్కడి టీవీలో రాలేదు. పిల్లలకు ఖురాన్ చదువు చెప్పే ముసలి ముఅల్లిమ్ ఇటలీ ఫౌజుతో ఇరవై ఏళ్లు తలపడి ఉరికంబం ఎక్కుతాడు. చివర్లో ఆయన కళ్లద్దాలు కింద పడితే ఒక పిల్లవాడు తీసుకుంటాడు. అక్కాద్ తీసినవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. మళ్లీ డైరెక్షన్ చేయడం ఆయన నసీబులో లేకపోయింది. ముసుగు మనిషి మాత్రం బతికే ఉన్నాడు. 2002 నాటికి ఎనిమిది 'హాలోవీన్'లు వచ్చాయి. మొదటిది తప్ప మిగతావాటిని నేను సిఫారసు చేయను. ఆయనకు మాత్రం అవే రోజీ.

సలాహుద్దీన్ అయ్యూబీ మీద షాన్ కానరీతో ఫిల్ము తీయాలని ఏళ్ల తరబడి తిరిగాడు. 2005 నవంబరులో జోర్డాన్‌కు ఒక షాదీకి వెళ్లాడు. 9వ తారీఖు రాత్రి అమ్మాన్‌లో హోటలు లాబీలో కూతురు రీమాను కలుసుకున్నాడు. అల్ ఖైదా మనిషి ఒకడు నడుముకు బాంబు కట్టుకుని అక్కడే పేల్చుకున్నాడు. 34 ఏళ్ల రీమా అక్కడికక్కడే పోయింది. తండ్రి రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి 11న పోయాడు.

మా ఆపా కొడుకు ఇదంతా విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఫోన్లో 'హాలోవీన్' మళ్లీ మొదటికి తిప్పి, పేర్లు పడేచోట ఆపి, నాకు చూపించాడు.