సండే స్కూల్ టీచరు సిద్ధపాటు: గ్లోస్టర్ నుంచి ఒంగోలు దాకా

పిల్లలకూ యౌవనస్థులకూ విశ్వాసం నేర్పేవాళ్లు ముందుగా ప్రార్థనలో, వాక్యంలో తాము సిద్ధపడాలన్న మాటను ఏ సంఘమూ కాదనదు. ఇంత తేలిగ్గా ఒప్పుకునే మాట కాబట్టే దానికంటూ వేళ కేటాయించడం మరచిపోతుంటాం. ఈ మరపు నిన్నమొన్నటిది కాదు. సండే స్కూలు రెండున్నర శతాబ్దాల ప్రయాణంలో టీచరు ఆత్మీయ సిద్ధపాటును ఎవరి భక్తికి వారికి వదిలేసిన చోట అది సన్నగిల్లింది. సంఘమే బాధ్యత తీసుకుని పదిమందినీ కూర్చోబెట్టి నడిపిన చోట నిలదొక్కుకుంది. మంచి పుస్తకాలు, మంచి పద్ధతులు ఎంత సాయం చేసినా ఈ లోటును పూడ్చలేకపోయాయి.

1780లో ఇంగ్లండులోని గ్లోస్టర్ పట్టణంలో పత్రికా సంపాదకుడు రాబర్ట్ రైక్స్ ఆదివారపు బడి తెరిచినప్పుడు టీచరు ఆత్మీయ స్థితి గురించిన ప్రశ్నే పెద్దగా లేదు. వారమంతా కార్ఖానాల్లో పనిచేసి ఆదివారం వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఆయన వెతికింది, చదవడం నేర్పగల నలుగురు మర్యాదస్తులైన ఆడవాళ్లను. రోజుకు ఒక్కొక్కరికీ ఒక షిల్లింగు కూలి. పిల్లలు పొద్దున పదింటికి రావాలి, పన్నెండింటికి ఇంటికెళ్లి ఒంటిగంటకు మళ్లీ రావాలి, ఒక పాఠం చదివాక గుడికి వెళ్లాలి, తిరిగొచ్చి సాయంత్రం అయిదున్నర దాకా ప్రశ్నోత్తరాలు వల్లె వేయాలి. ఆ స్త్రీలు చేసిన మేలు చిన్నదేమీ కాదు. అక్షరం ముఖం చూడని వేలమంది పిల్లలకు చదువు అలాంటి బడుల్లోనే దొరికింది. కానీ వాళ్లతో కుదిరిన ఒప్పందం మాత్రం అక్షరాలకూ అప్పజెప్పించడానికీ సంబంధించినదే.

ఉద్యమం పెరిగేకొద్దీ కూలి డబ్బు చాలలేదు. మెథడిస్టులు మొదలైనవాళ్లు జీతం లేకుండా బోధించడానికి ముందుకొచ్చారు. 1803లో లండనులో ఏర్పడిన సండే స్కూల్ యూనియన్ అలా ఉచితంగా బోధించేవాళ్లు కలిసి పెట్టుకున్నదే. దాని స్థాపనలో ముందున్న విలియం బ్రోడీ గర్నీ వృత్తిరీత్యా సంక్షిప్తలిపి లేఖకుడు. కూలి టీచర్ల స్థానంలో ఉచితంగా బోధించేవాళ్లు రావడాన్ని చరిత్రకారులు ఖర్చు తగ్గించుకున్న మార్పుగా చెప్తారు. నాకు మాత్రం ఇందులో అంతకంటే పెద్ద సంగతి కనిపిస్తుంది. కూలి పోయాక, పిల్లల ఎదుట నిలబడడానికి టీచరుకు మిగిలిన అర్హత తన విశ్వాసమే. అలాంటప్పుడు ఆ విశ్వాసాన్ని ఎవరు పోషించాలి? ఆ టీచర్లు ఒకచోట చేరడానికి గల కారణాల్లో ఇదీ ఒకటని నేననుకుంటాను.

1872లో అమెరికాలోని ఇండియానాపొలిస్ సదస్సు అన్ని శాఖలకూ ఒకే పాఠక్రమం ఆమోదించింది. ఫలానా ఆదివారం ఊరూరా ఒకే వాక్యభాగం. దాంతో వారం మధ్యలో టీచర్లు కలిసి పాఠం చదువుకునే కూడికలకు ఊపొచ్చింది. 1874 ఆగస్టులో జాన్ విన్సెంట్ అనే మెథడిస్టు బోధకుడు, లూయిస్ మిల్లర్ అనే వ్యవసాయ యంత్రాల తయారీదారు కలిసి న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు ఒడ్డున సండే స్కూల్ టీచర్ల కోసం రెండు వారాల శిబిరం నడిపారు. అక్కడ నేల మీదే పాలస్తీనా నమూనా కట్టారు. సరస్సే మధ్యధరా సముద్రం, మట్టిదిబ్బలే కొండలు. టీచర్లు దాను నుంచి బెయేర్షెబా దాకా నడుచుకుంటూ ఏ ఊరు ఎక్కడుందో నేర్చుకునేవారు. ఎంత ముచ్చటైన బోధన! ప్రార్థనలకూ అక్కడ కొదవ లేదు. అయితే భూగోళానికి పరీక్ష పెట్టవచ్చు, ప్రార్థనకు పెట్టలేం. పరీక్షకు లొంగే భాగమే ఏటేటా పెరిగింది. 1878లో సాహిత్య, విజ్ఞానశాస్త్ర పఠన బృందం మొదలైంది, క్రమంగా షటాక్వా అంటే జనానికి ఉపన్యాసాలూ సంగీతమూ గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది. విన్సెంటుకు భక్తి తక్కువై ఇలా జరగలేదు. ఆయన భక్తిని టీచర్లకు అందించే దారి పాఠాల జాబితాలో లేకపోవడం వల్ల జరిగింది.

ఇదే కాలంలో తెలుగునేల మీద ఇంకో దారి కనిపిస్తుంది. 1866లో ఒంగోలు చేరిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు దొరికిన బోధకుల్లో యెర్రగుంట్ల పేరయ్య లాంటి మాదిగ పెద్దలున్నారు. బడిచదువు లేకున్నా ఆయన అంతకుముందే యోగసాధన మార్గంలో గురువుగా పేరున్న మనిషి. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందినప్పుడు, నీళ్లలో దిగి ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా బాప్తిస్మమిచ్చింది ఆరుగురు బోధకులు. ఆ తర్వాత పల్లె పల్లెకూ వెళ్లి ఆ జనానికి విశ్వాసం నేర్పే బరువు స్థానిక బోధకుల మీదే పడింది. వాళ్లను నిలబెట్టినవాటిలో మూడు నెలలకోసారి ఒంగోలులో జరిగే కూడిక ముఖ్యమైనది. ఎవరి పల్లెల కష్టసుఖాలు వాళ్లు చెప్పుకునేవారు, కలిసి ప్రార్థించేవారు, రాబోయే మూడు నెలలు పల్లెల్లో చెప్పాల్సిన వాక్యాన్ని ముందు తాము నేర్చుకునేవారు. ఆ వరుసను గమనించండి. పాఠం చివర వస్తుంది.

భక్తి పేరు చెప్పి అజ్ఞానాన్ని కప్పిపుచ్చుకుంటారని కొందరికి అనుమానం. సమంజసమైన అనుమానమే. తప్పు బోధను ప్రార్థనతో మొదలుపెట్టినంత మాత్రాన అది ఒప్పు కాదు. కానీ ఒంగోలు కూడికలో వాక్యం నేర్చుకోవడం ప్రార్థనకు పోటీ కాలేదు, దాని పక్కనే సాగింది. తొలి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు వి.ఎస్. అజరయ్య కూడా 1912 నుంచి దోర్నకల్‌లో పల్లె ఉపదేశకుల జీవితాన్నీ చదువునీ కలిపే చూశారు.

ఆ బోధకులకు అదే జీవనం, నేటి టీచర్లు వారమంతా ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. నిజమే, ఎవరినీ నాలుగు రోజులు కూర్చోబెట్టలేం. కానీ గర్నీ తరం వాళ్లూ పనిపాటలున్నవాళ్లే. వేసవి వీబీఎస్ (సెలవుల బైబిలు బడి) కోసం మన సంఘాలు టీచర్లను ఇప్పటికీ శిక్షణ కూడికకు పిలుస్తున్నాయి. అభినయ గీతాలకూ బొమ్మల కార్డులకూ సమయం దొరుకుతూనే ఉంది. అదే కూడికలో మొదటి గంట పాస్టరుగారు పాఠం పక్కనపెట్టి, టీచర్లతో కలిసి వాక్యం చదివి, వాళ్ల సందేహాలూ భారాలూ విని ప్రార్థించడానికి కొత్త ఖర్చేమీ అక్కర్లేదు. ఆ గంటను హాజరుపట్టీతోనో, ఎవరి ఇంటి గుట్టు ఏమిటన్న ఆరాతోనో నింపకూడదన్న జాగ్రత్త మాత్రం కావాలి. అలా నింపితే టీచర్లు నోరు విప్పడం మానేస్తారు.