పగిలిన పక్షి

కొలంబియాలోని మెడెలిన్ మెట్రోలో పార్కె బెర్రియో స్టేషన్‌లో దిగండి. మెట్లు దిగి కాస్త నడిస్తే చాలు, చిత్రకారుడు, శిల్పి ఫెర్నాండో బొటేరో తన సొంతూరికి ఇచ్చిన 23 కంచు విగ్రహాల మధ్య ఉంటారు. ఎండ మండిపోతోంది. పచ్చిమామిడి ముక్కలకు ఉప్పు, నిమ్మరసం పట్టించి అమ్ముతున్నారు. ఎదురుగా ఒక చెయ్యి, మనిషి కంటే పెద్దది, వేళ్లు బొద్దుగా ఆకాశంలోకి లేచి ఉన్నాయి. పక్కన రోమన్ సైనికుడు, అటు ఆదాము, అవ్వ. ఏ ఒంట్లోనూ ఎముక జాడ లేదు. తాకి చూడండి, ఎవరూ వద్దనరు. కంచు వేడెక్కి ఉంది. వచ్చినవాళ్లంతా తడిమే చోట నల్లపూత అరిగిపోయి పసుప్పచ్చగా మెరుస్తోంది.

లావు మనుషుల్ని వేస్తాడన్న మాట బొటేరో ఎప్పుడూ ఒప్పుకోలేదు. తాను వేసేది ఘనపరిమాణాన్ని అనేవాడు. 1956లో మెక్సికోలో మాండొలిన్ బొమ్మ గీస్తూ మధ్య రంధ్రాన్ని బాగా చిన్నదిగా పెట్టాడు. వాయిద్యం ఒక్కసారిగా ఉబ్బి భారీగా కనిపించింది. ఆయన శైలికి పునాది అక్కడే పడింది.

ఆ విగ్రహాలున్న చౌక్ అంచునే ఆంటియోకియా మ్యూజియం. లోపల గుర్రం మీద కూర్చున్న పిల్లాడి చిత్రం ముందు ఆగండి. నీలం యూనిఫాం, గుండ్రటి బుగ్గలు. వాడు పెడ్రితో, బొటేరో కొడుకు. 1974లో స్పెయిన్‌లో జరిగిన కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి వాడికి నాలుగేళ్లు. తండ్రి కుడిచేతికీ గాయమైంది. అదే చేత్తో ఈ బొమ్మ వేశాడు. కింద చిన్న బొమ్మరిల్లు ఉంది. దాని కిటికీలో నల్లబట్టల్లో అమ్మానాన్న. దాన్ని చూశాక బొటేరో బొమ్మలు నవ్వుకోవడానికేనని అనబుద్ధి కాదు.

బయటికొచ్చి దక్షిణంగా నడవండి. శాన్ ఆంటోనియో చౌక్‌లో రెండు కంచు పక్షులు కనిపిస్తాయి. ఒకటి నిండుగా, నున్నగా ఉంది. రెండోదాని పొట్ట చీలిపోయింది. అంచులు వంకర తిరిగి, లోపలి బోలు బయటపడింది. 1995 జూన్ 10 రాత్రి ఇక్కడ జనం పాటలు వింటుండగా ఈ పక్షి దగ్గర పెట్టిన బాంబు పేలింది. 20 మందికి పైగా చనిపోయారు.

పగిలిన పక్షిని తీసేయొద్దని బొటేరో పట్టుబట్టాడు. 2000లో అలాంటిదే ఇంకొకటి చేసి దాని పక్కన నిలబెట్టాడు. కొత్తదాన్ని పెట్టి పాతదాన్ని దాచేయడం సులువే. అలా చెయ్యకపోవడమే, నా లెక్కలో, ఆయన చేసిన పనులన్నిటిలో గొప్పది.

2023లో, 91 ఏళ్ల వయసులో బొటేరో కన్నుమూశాడు. మెడెలిన్ వెళ్లినవాళ్లు చాలామంది ఆ 23 విగ్రహాల దగ్గర ఫొటోలు దిగి వెనక్కి వెళ్లిపోతారు. మీరు మాత్రం ఈ రెండు పక్షుల దాకా రండి. పగిలినదాని కింద చనిపోయినవాళ్ల పేర్లున్నాయి, చదివి వెళ్లండి.