మెషీన్ షాపులకు చెల్లింపు ఆన్‌లైన్ బిడ్డింగ్ సేవలు

లోహాన్ని కోసి, తొలిచి, సానపట్టి విడిభాగాలు తయారుచేసే వర్క్‌షాపులు చందా గానీ కమీషన్ గానీ చెల్లించి, కొనుగోలుదారులు అంతర్జాలంలో ఉంచిన పనులకు తమ ధర తెలియజేసే వీలు కల్పించే వేదికలను ఆన్‌లైన్ బిడ్డింగ్ సేవలు అంటారు. లేత్, మిల్లింగ్, డ్రిల్లింగ్, గ్రైండింగ్ యంత్రాలతోనూ, కంప్యూటర్ ఆదేశాలతో నడిచే సీఎన్‌సీ యంత్రాలతోనూ పనిచేసే కార్ఖానాను మెషీన్ షాపు అనీ, సొంత సరుకు లేకుండా ఇతరులు ఇచ్చిన డ్రాయింగు ప్రకారం భాగాలు చేసి ఇచ్చే షాపును జాబ్ షాపు అనీ వ్యవహరిస్తారు. జాబ్ షాపులో యంత్రం ఆగినా బ్యాంకు వాయిదా, షెడ్డు అద్దె, టర్నర్ జీతం ఆగవు కాబట్టి, పని వెతుక్కోవడం అక్కడ ఉత్పత్తితో సమానమైన బాధ్యత. ఆ బాధ్యతను తేలిక చేస్తామని ఈ వేదికలు ముందుకు వచ్చాయి. అయితే రుసుము కట్టిన షాపుకు దక్కేది ధర చెప్పే అవకాశం మాత్రమే. ఆ అవకాశం లాభసాటి పనిగా మారడం షాపు ప్రత్యేకత, కొటేషన్‌కు అయ్యే శ్రమ, వచ్చిన ఖాతాదారు మళ్లీ తిరిగి రావడం అనే మూడింటిపై ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

డబ్బు చెల్లించి కొనుగోలుదారు కంటపడే పద్ధతి అంతర్జాలానికి చాలా ముందే ఉంది. అమెరికాలో 1898లో మొదలైన థామస్ రిజిస్టర్ అనే పారిశ్రామిక సూచిక, ఏ వస్తువు ఎవరు తయారుచేస్తారో వరుసగా చూపే లావుపాటి సంపుటాలుగా శతాబ్దానికి పైగా కొనుగోలు విభాగాల బల్లల మీద నిలిచింది. అందులో ప్రకటన వేసుకున్న షాపుకు విచారణ వచ్చేది, ఆ తరువాత బేరం నేరుగా ఇరుపక్షాల మధ్యే సాగేది.

బేరాన్ని కూడా వేదిక మీదికి తెచ్చిన మార్పు 1995లో పిట్స్‌బర్గ్‌లో ఏర్పడిన ఫ్రీమార్కెట్స్ సంస్థతో ఊపందుకుంది. ఆ సంస్థ పెద్ద కంపెనీల కోసం రివర్స్ ఆక్షన్లు నిర్వహించింది. మామూలు వేలంపాటలో కొనేవారు పోటీపడగా ధర పైకి పోతుంది. రివర్స్ ఆక్షన్‌లో అమ్మేవారు పోటీపడగా ధర కిందికి దిగుతుంది. 2000లో జనరల్ మోటార్స్, ఫోర్డ్, డైమ్లర్ క్రైస్లర్ కలిసి కోవిసింట్ అనే ఉమ్మడి కొనుగోలు వేదికను స్థాపించాయి గానీ, విడిభాగాల సరఫరాదారుల నుంచి ఆశించిన ఆదరణ లభించక అది 2004లో చేతులు మారింది. ఫ్రీమార్కెట్స్‌ను అదే సంవత్సరం అరిబా సంస్థ కొనుగోలు చేసింది.

చిన్న జాబ్ షాపులను నేరుగా ఉద్దేశించి వచ్చిన వేదికలలో 2000లో మిచ్ ఫ్రీ స్థాపించిన ఎంఎఫ్‌జీ డాట్ కామ్ ప్రసిద్ధమైనది. కొనుగోలుదారు డ్రాయింగును ఉచితంగా ఉంచడం, షాపులు వార్షిక చందా కట్టి ఆ పనులకు ధర పంపడం దాని పద్ధతి. 2005లో అమెజాన్ వ్యవస్థాపకుడు జెఫ్ బెజోస్ అందులో పెట్టుబడి పెట్టడంతో ఈ రంగం అందరి దృష్టిలో పడింది. 2022లో ఆ వేదికను త్రీడీ ముద్రణ సంస్థ షేప్‌వేస్ కొనుగోలు చేసింది. 2013లో ఏర్పడిన జోమెట్రీ మరో దారి పట్టి, షాపులు బిడ్ చేసే పనే లేకుండా ధరను తానే నిర్ణయించే పద్ధతిని వ్యాప్తిలోకి తెచ్చింది. 2021 చివర అదే సంస్థ సుమారు 30 కోట్ల డాలర్లకు థామస్ సంస్థను కొనడంతో, పాత అచ్చు సూచిక వారసత్వం కొత్త అంగడి కిందికి చేరింది.

వేదికల రకాలు

రుసుము ఎవరు, దేనికి, ఎప్పుడు కడతారన్న దాన్ని బట్టి ఈ సేవలను నాలుగు రకాలుగా చెప్పవచ్చు. మొదటిది చందా వేదిక. ఇందులో పని దొరికినా దొరకకపోయినా షాపు ఏటా నిర్ణీత మొత్తం కట్టి, తన యంత్రాలకు తగిన విచారణలకు కొటేషన్లు పంపుతుంది. రెండవది రివర్స్ ఆక్షన్. ఇక్కడ ముందుగా అర్హత పొందిన సరఫరాదారులు నిర్ణీత గడువులో తెరమీద ఒకరి ధర కంటే మరొకరు తగ్గించుకుంటూ పోతారు. మూడవది తక్షణ ధర వేదిక. కొనుగోలుదారు త్రిమితీయ నమూనాను ఎక్కించగానే సాఫ్ట్‌వేర్ ధర చెబుతుంది. వేదిక ఆ పనిని తన లాభం మినహాయించుకున్న మరో ధరకు షాపుల ముందు ఉంచుతుంది. ముందుగా ఒప్పుకున్న షాపుకు పని దక్కుతుంది. ఈ రకంలో చందా ఉండదు గానీ, కొనుగోలుదారు చెల్లించే ధరకూ షాపుకు ముట్టే ధరకూ ఉన్న తేడాయే అసలు రుసుము. నాలుగవది విచారణలను విడివిడిగా అమ్మే సూచిక వేదిక. ఇందులో ఒకే విచారణ పలువురు విక్రేతలకు చేరుతుంది.

కొటేషన్ వెనుక శ్రమ

ఈ సేవల ఉపయోగాన్ని అంచనా వేసేటప్పుడు చందా మొత్తం అందరికీ కనిపిస్తుంది. కొటేషన్ తయారీకి పట్టే సమయం మాత్రం తరచుగా లెక్కకు రాదు. ఉదాహరణకు ఈఎన్-8 ఉక్కుతో 200 మిల్లీమీటర్ల పొడవైన షాఫ్టులు 25 కావాలనీ, బేరింగ్ కూర్చునే చోట వ్యాసం 25 మిల్లీమీటర్ల హెచ్6 ఫిట్‌లో ఉండాలనీ ఒక డ్రాయింగు వచ్చిందనుకుంటే, ఆ ఒక్క గుర్తుకు అర్థం వ్యాసం 25 మిల్లీమీటర్లకు మించకుండా, 13 మైక్రాన్లకు మించి తగ్గకుండా ఉండాలని. అంతటి కచ్చితత్వం కోసం లేత్ పని తరువాత సిలిండ్రికల్ గ్రైండింగ్ కూడా అవసరమవుతుంది. ధర కట్టే వ్యక్తి ముందుగా 30 మిల్లీమీటర్ల కడ్డీ బరువును షాపుల్లో వాడుకలో ఉన్న సూత్రం ప్రకారం, అంటే వ్యాసం వర్గాన్ని 162తో భాగించి, మీటరుకు సుమారు 5.55 కిలోలుగా తేలుస్తాడు. కోతకు 5 మిల్లీమీటర్లు కలుపుకొంటే ఒక్కో ముక్క 1.14 కిలోలు, మొత్తం సుమారు 28.5 కిలోలు అవుతుంది. ఆ పైన రెండు సెటప్‌లలో టర్నింగ్, కీవే మిల్లింగ్, గ్రైండింగ్, నల్లపూత, తనిఖీ, ప్యాకింగ్, రవాణా అన్నింటికీ యంత్రపు గంట రేటు ప్రకారం విలువ కట్టాలి. నల్లపూత బయట చేయించవలసి వస్తే ఆ షాపుకు ఫోన్ చేసి వారి ధర కనుక్కోవాలి. ఇంత పనికి అనుభవజ్ఞుడికైనా గంట పడుతుంది. చిన్న షాపులో ఆ అనుభవజ్ఞుడు సాధారణంగా యజమానే. పగలంతా యంత్రాల మధ్య తిరిగి, ఈ లెక్కలకు రాత్రి కూర్చునేది కూడా ఆయనే.

గెలుపు రేటు, అసలు ఖర్చు

పంపిన కొటేషన్లలో ఆర్డర్లుగా మారినవాటి నిష్పత్తిని గెలుపు రేటు అంటారు. ఊహాత్మకంగా ఒక షాపు ఏడాదికి 60,000 రూపాయల చందా కట్టి, గంటకు 500 రూపాయల విలువైన సమయంతో 200 కొటేషన్లు పంపితే, సమయం ఖర్చే 1,00,000 రూపాయలు, మొత్తం ఖర్చు 1,60,000 రూపాయలు అవుతుంది. వాటిలో 5 శాతం, అంటే పది ఆర్డర్లు వస్తే, ఒక్కో ఆర్డరు నెత్తిన 16,000 రూపాయల భారం పడుతుంది. సగటు ఆర్డరు 80,000 రూపాయలైతే అది అయిదోవంతు. మామూలు జాబ్ వర్క్ లాభాన్ని పూర్తిగా మింగగల మొత్తం.

ఇదే లెక్కలో, ఆ పదిమంది ఖాతాదారులలో ఇద్దరు వేదికతో నిమిత్తం లేకుండా ఒక్కొక్కరు మరో అయిదు ఆర్డర్లు ఇస్తే భారం 8,000 రూపాయలకు, అంటే సగానికి తగ్గుతుంది. తన యంత్రాలకు సరిగ్గా సరిపోయే 60 పనులకే కొటేషన్లు పంపి అవే పది ఆర్డర్లు సాధిస్తే భారం 9,000 రూపాయలకు దిగుతుంది. అందువల్ల వేదిక ఫలితాన్ని చందాతో కాక, కొత్త ఖాతాదారును సంపాదించడానికి అయిన మొత్తం ఖర్చుతో కొలవడం సమంజసం.

గెలుపు రేటు తక్కువగా ఉండడానికి పోటీ ఒక్కటే కారణం కాదు. అనేక సంస్థల కొనుగోలు నియమాలు మూడు కొటేషన్లు తప్పనిసరి చేస్తాయి. పని ఎవరికివ్వాలో ముందే అనుకున్నప్పుడు మిగిలిన రెండు కాగితాలు ఫైలు నింపడానికే ఉపయోగపడతాయి. కొందరు కొనుగోలుదారులు ప్రస్తుత సరఫరాదారుతో బేరమాడేందుకు బయటి ధరలు సేకరిస్తారు. ఇంకా డిజైన్ దశలోనే ఉన్న ఇంజనీర్లు ఖర్చు ఎంతవుతుందో తెలుసుకోవడానికి విచారణ పంపుతారు. ఈ మూడింటిలోనూ పడిన శ్రమ నిజమే గానీ, ఆర్డరు వచ్చే అవకాశం మొదటి నుంచీ స్వల్పం.

ధరల పతనం, విజేత శాపం

ఎక్కువమంది పోటీపడే బిడ్డింగులో, ఖర్చును అందరికంటే తక్కువగా అంచనా వేసినవారే గెలిచి నష్టపోయే పరిస్థితిని ఆర్థికశాస్త్రంలో విజేత శాపం అంటారు. చమురు క్షేత్రాల వేలాన్ని పరిశీలించిన కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు 1971లో ఈ విషయాన్ని వివరించారు. మెషీన్ షాపుల్లో దీని రూపం మరింత తేటగా కనిపిస్తుంది: పై షాఫ్టుకు ఇరవై షాపులు ధర పంపితే, అందరికంటే తక్కువ చెప్పినది గ్రైండింగ్‌ను లెక్కలో మరిచిన షాపు అయ్యే అవకాశం ఎక్కువ.

ఖాళీగా ఉన్న యంత్రం మరో ప్రలోభం. విద్యుత్తు, టూల్స్, కూలి రాబట్టుకోగలిగిన ఏ ధరైనా, యంత్రం ఊరికే ఉండడం కంటే మేలని యజమాని భావించడం ఆ నెలకు సరైన లెక్కే. అయితే పోటీలోని ప్రతి షాపూ అదే లెక్క వేసినప్పుడు, యంత్రం తరుగుదలకూ బ్యాంకు వాయిదాకూ చాలని ధరే బజారు ధరగా స్థిరపడుతుంది. సంబంధాల మీద కూడా దీని ప్రభావం ఉంటుంది. ధరలు బాహాటంగా కనిపించే రివర్స్ ఆక్షన్ల తరువాత, కొనుగోలుదారు తమను స్వార్థానికి వాడుకుంటున్నాడన్న అనుమానం సరఫరాదారులలో పెరిగిందని శాండీ జాప్ 2003లో ప్రచురించిన పరిశోధన తెలిపింది. తక్షణ ధర వేదికలలో విజేత శాపం కొంత తగ్గుతుంది, ఎందుకంటే ధర తప్పితే నష్టం వేదికది. కానీ భాగం చివరకు ఎవరి యంత్రంలో చేరుతుందో షాపుకు తెలియదు, కొనుగోలుదారుతో నేరుగా పరిచయం ఏర్పడదు, మళ్లీ వచ్చే ఆర్డరు మరో షాపుకు పోవచ్చు.

ఉపయోగపడే సందర్భాలు

కొత్తగా మొదలై ఇంకా ఎవరికీ తెలియని షాపుకు, ప్రధాన ఖాతాదారు ఒక్కసారిగా తప్పుకున్న షాపుకు, రెండవ షిఫ్టులో ఖాళీ ఉన్న సీఎన్‌సీ యంత్రానికి ఈ వేదికలు తాత్కాలికంగా పని చూపగలవు. అయిదు అక్షాల మిల్లింగ్, గట్టిపరచిన ఉక్కుకు వైర్ కట్, టైటానియం వంటి మొండి లోహాల పని, విమాన రంగపు ఏఎస్ 9100 ధ్రువీకరణ వంటి ప్రత్యేకత ఉన్నచోట పోటీదారులు కొద్దిమందే కాబట్టి ధర నిలబడుతుంది. మూడు అంగుళాల ఫ్లాంజికి రంధ్రాలు తొలిచే పనిలో అటువంటి రక్షణ లేదు. ఒకే చోట అనేక ధరలను చూడడం వల్ల తన రేటు బజారులో ఎక్కడ ఉందో షాపుకు తెలియడం అదనపు ప్రయోజనం.

భారతదేశంలో, తెలుగు రాష్ట్రాలలో

భారతదేశంలో 1996లో ప్రారంభమైన ఇండియామార్ట్ సూచిక తరహా వేదికలకు ప్రధాన ఉదాహరణ. చందా కట్టే విక్రేతలు 2 లక్షలకు పైగా ఉన్న ఆ వేదికలో విచారణలు పలువురికి చేరుతాయి. 2018లో బెంగళూరులో ఏర్పడిన జెట్‌వర్క్ పనిని తానే తీసుకుని షాపులకు పంచే మధ్యవర్తి పద్ధతిని అనుసరిస్తుంది. ప్రభుత్వ కొనుగోళ్లకు 2016 ఆగస్టులో ప్రారంభమైన జెమ్ వేదికలో గెలిచిన ఆర్డరు మీదే లావాదేవీ రుసుము పడుతుంది. 2024 ఆగస్టులో చేసిన మార్పుల ప్రకారం 10 లక్షల రూపాయల లోపు ఆర్డర్లకు ఆ రుసుము లేదు, ఆ పైన 10 కోట్ల వరకు 0.30 శాతం. సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి కొనుగోళ్ల విధానం 2012లో అమలులోకి రాగా, ఆ వర్గం నుంచి కొనవలసిన వాటాను 2018లో 25 శాతానికి పెంచారు. ఎల్-1, అంటే అతి తక్కువ ధర చెప్పిన సంస్థ ఆ వర్గానికి చెందనిదైతే, దానికంటే 15 శాతం లోపు ఎక్కువ చెప్పిన చిన్న సంస్థ ఎల్-1 ధరకే దిగివచ్చి ఆర్డరులో వాటా పొందవచ్చు. ఈ వర్గానికి టెండర్ ధరావతు నుంచి కూడా మినహాయింపు ఉంది.

హైదరాబాదులో బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి ప్రాంతాల షాపులు చిరకాలంగా రామచంద్రాపురం బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్, రక్షణ సంస్థల పనుల చుట్టూ ఎదిగాయి; 1968లో బాలానగర్‌లో ఏర్పడిన కేంద్రీయ టూల్ డిజైన్ సంస్థ అందుకు కావలసిన నిపుణులను తయారుచేసింది. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం, షిప్‌యార్డు, విజయవాడలో ఆటోనగర్ వాహన మరమ్మతులు ఇటువంటి పాత్రే పోషించాయి. ఈ సంస్థలలో పని దక్కాలంటే ముందు ఆమోదిత సరఫరాదారుల జాబితాలో చేరాలి, తొలి ముక్క తనిఖీలో నెగ్గాలి. అంతటి పరీక్ష దాటిన షాపుకు ధర ఒక్కటే గీటురాయి కాదు. బహిరంగ వేదికలో పరిచయం లేని కొనుగోలుదారు నుంచి వచ్చే బాకీ విషయంలో, చిన్న సంస్థలకు 45 రోజులలోపు చెల్లించాలన్న 2006 నాటి చట్టం రక్షణ కల్పిస్తుంది గానీ, దాన్ని ప్రయోగిస్తే ఖాతాదారు చేజారుతాడన్న వెరపు షాపులను తరచుగా వెనక్కి లాగుతుంది.

మదింపు

చెల్లింపు బిడ్డింగ్ సేవ షాపుకు పని చూపగలదా అన్న ప్రశ్నకు సమాధానం, ఆ షాపు దాన్ని ఎక్కడ ఉంచుతుందన్న దానిలో ఉంది. ఖాళీ గంటలు నింపడానికీ, తిరిగి రాగల ఖాతాదారును మొదటిసారి కలుసుకోవడానికీ వాడుకున్న షాపు చందాను రాబట్టుకోగలదు. ప్రతి విచారణకూ ధర పంపుతూ, మొత్తం యంత్రశాలను వేదిక మీదే నడపాలని చూసిన షాపు తన అనుభవజ్ఞుడి గంటలను ఇతరుల బేరానికి కొలమానంగా అరువిస్తుంది. కాబట్టి చందా పునరుద్ధరణ సమయంలో యజమాని చూడవలసిన లెక్క, గడచిన ఏడాది వేదిక ద్వారా ఎన్ని ఆర్డర్లు వచ్చాయన్నది కాక, ఆ ఆర్డర్లు ఇచ్చినవారిలో ఎందరు రెండోసారి బిడ్ అడగకుండానే డ్రాయింగు పంపారన్నది.