ఇంటి కాపలా నుంచి కేర్ హోమ్ దాకా

హైదరాబాద్ పక్కన ఖాజాగూడ చాలాకాలం గుట్టల ఊరు. గుట్ట మీద బాబా ఫక్రుద్దీన్ దర్గా, కింద చెరువు, చుట్టూ పొలాలు. అప్పట్లో పెద్దవాళ్లకు మతి తప్పితే జబ్బు అనలేదు. ‘చాదస్తం’ అన్నారు, ‘వయసు మీద పడింది’ అన్నారు. దారి తప్పిన ముసలాయన ఎవరి తాలూకో ఊరంతటికీ తెలుసు కాబట్టి ఎవరో ఒకరు ఇంటికి చేర్చేవారు. ఇంట్లో రాత్రింబవళ్ల కాపలా మాత్రం ఎక్కువగా కోడళ్లది, కూతుళ్లది.

1998 నవంబరులో మాదాపూర్‌లో ఐటీ కంపెనీల భవనం సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఐటీ కారిడార్ గచ్చిబౌలి, ఖాజాగూడల దాకా పాకింది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లు, పిల్లలు అమెరికాలో ఉండగా తల్లిదండ్రులే మిగిలిన ఇళ్లు పెరిగాయి.

జబ్బుకు పేరు తెలిసిందీ ఈ కాలంలోనే. 1906లో జర్మనీలో అలోయిస్ ఆల్జీమర్ వర్ణించిన, ఆయన పేరే పెట్టిన వ్యాధి కోసం మన దేశంలో ఒక సంఘం పుట్టింది 1992లో, కేరళలో. ఆ తర్వాత హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (ఆల్జీమర్స్ లాంటి మతి తప్పే జబ్బులు) రోగులను పరిశీలించింది. 2013లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం ఒకే భాష వచ్చినవారిలో లక్షణాలు సగటున 61 ఏళ్లకే మొదలయ్యాయి. రెండు భాషలో అంతకన్నా ఎక్కువో వచ్చినవారిలో నాలుగున్నరేళ్లు ఆలస్యమయ్యాయి. 61 ఏళ్లంటే పిల్లలు ఇంకా ఉద్యోగాల్లో నిలదొక్కుకుంటున్న వయసు.

కుటుంబాలు మొదట ఆశ్రయించింది అటెండెంట్‌ను. పగటికి ఒకరు, రాత్రికి ఒకరు. నగరంలో హెరిటేజ్ లాంటి సంస్థలు ఇంటి వద్ద వృద్ధుల సేవను వృత్తిగా మలిచాయి.

కేర్ హోమ్ మాట ఆ తర్వాతే వస్తుంది. రాత్రుళ్లు నిద్ర లేకపోవడం, తలుపు తీసుకుని వెళ్లిపోవడం, స్నానానికి ఒప్పుకోకపోవడం, మలమూత్రాల మీద అదుపు తప్పడం, చివరికి చూసుకునే మనిషే మంచం పట్టడం. చాలా ఇళ్లలో నిర్ణయం జరిగేది అక్కడే. దాన్ని ప్రేమ తగ్గడమనుకోవడం అన్యాయం. ఇంట్లో తగ్గింది చేతులు.

తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో వచ్చిన కేంద్ర చట్టం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు రాష్ట్ర ప్రభుత్వాలు ఏర్పాటు చేయవచ్చంది. డిమెన్షియాకు ప్రత్యేక వార్డు మాట ఆ వృద్ధాశ్రమాల సెక్షన్‌లో లేదు. బంజారాహిల్స్ రోటరీ క్లబ్ చొరవతో 2011లో మొదలైన స్పర్శ్ హాస్పిస్ ఇప్పుడు ఖాజాగూడలోనే ఉంది. నయంకాని జబ్బుతో చివరి దశలో ఉన్నవారికి అక్కడ ఉచితంగా సేవ చేస్తారు. డిమెన్షియా మాత్రం ఏళ్ల తరబడి సాగుతుంది. అందుకే ఇంటికీ కేర్ హోమ్‌కూ మధ్య మెట్టుగా, పొద్దున దింపి సాయంత్రం తీసుకెళ్లే డే కేర్ కేంద్రాలు కావాలి. ఇన్ని ఆఫీసులు వెలిసిన ఈ కారిడార్‌లో ఉద్యోగుల పసిపిల్లలకు క్రెష్‌లు ఉన్నట్టే, వాళ్ల తల్లిదండ్రులకూ అలాంటి చోటు ఏర్పాటు చేయడం అసాధ్యమేమీ కాదు.