రాతి లోపలి అదురు

మన బోధను సీమకు చెఱకు తెచ్చినది మంజీర జలము. 1931లో నిజాంసాగరము పూర్తియైనది. 1937లో బోధనున నిజాం చక్కెర కర్మాగారము వెలసి, 2015లో మూతబడినది. కాలువ నీరు చాలని చేలకు రైతు బోరునే నమ్ముకొనవలసి వచ్చెను.

గ్రానైటు శిలలో నీరు పగుళ్లయందే దాగియుండును. పైనుండి సుత్తి కొట్టు యంత్రములలో దెబ్బ కడ్డీల అతుకులు దాటుచు బలము కోల్పోవును. 1950వ దశకమున వచ్చిన యంత్రము సుత్తినే రంధ్రము అడుగునకు దింపినది. ఒత్తిడి గాలి దానిని నడుపును, రాతిపొడిని పైకి తెచ్చును. 1967లో కరువు వేళ యునిసెఫ్ ఇట్టి యంత్రములను మన దేశమునకు తెచ్చెను. అయినను నొక్కుడు చాలనిచో దెబ్బ గొట్టములకే మరలి అతుకులు చెడును; మితిమీరినచో ఉలి ఆగి ఆగి కుదుపును.

గోదావరి డెల్టా చమురు బావులు వేల మీటర్ల లోతు. అచట గొట్టముల వరుస మూడు విధముల అదరును: నిలువున ఎగురుట, ప్రక్కలకు కొట్టుకొనుట, మెలిపడి ఒక్కుమ్మడి విడివడుట. మెలికి బరువు తగ్గించి వేగము పెంతురు. ప్రక్కయదురునకు తరచుగా వేగమునే తగ్గింతురు. ఒకదాని మందు మరియొకదానికి పనికిరాదు. కావున ఉలి దాపున పరికరములమర్చి, నాడి చూచినట్లు అదురును గుర్తింతురు.

బోరునకు మనము అడుగునకింతయని చెల్లింతుము. అడుగులతోపాటు చప్పుడును ఆలకింపవలెను. గొట్టములు గలగలలాడినచో, ఆపి చూడుమని అడుగుట మన హక్కు.