దూరపు విమానాల మజిలీ కథ

రేగొండ నుంచి షికాగో పోవాలంటే ఇవాళ్టికీ ఎక్కి దిగడాలు తప్పవు. పరకాల మీదుగా హన్మకొండ, అక్కడి నుంచి ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు, ఆ తర్వాత శంషాబాద్. అక్కడ ఎక్కిన విమానం దుబాయిలోనో దోహాలోనో, లేకుంటే ఢిల్లీలోనో దింపుతుంది. మజిలీ లేకుండా ఎగిరే విమానం కోసం కంపెనీలు ఎంత డబ్బు పోశాయో, ఇంజనీర్లు ఎంత తల బద్దలు కొట్టుకున్నారో లెక్కలేదు. అంత చేసినా మనకు మాత్రం మజిలీ పోలేదు, మజిలీ ఊరు మారుతూ వచ్చింది.

మన దేశం నుంచి దూరపు సర్వీసు 1948 జూన్ 8న మొదలైంది. ‘మలబార్ ప్రిన్సెస్’ అనే లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ విమానం 35 మందితో బొంబాయిలో లేచి కైరోలో, జెనీవాలో ఆగి లండన్ చేరింది. టికెట్టు 1,720 రూపాయలు. అప్పటి జీతాలతో పోల్చుకుంటే అది టికెట్టు కాదు, ఆస్తి. అదే ఏడు హైదరాబాద్ సంస్థానానికీ దూరపు విమానాలు వచ్చాయి, కాకపోతే ప్రయాణికులతో కాదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం సర్కారుకు ఆయుధాలు దొంగచాటుగా చేరవేశాడు.

మామూలు ప్రయాణికుడికి అప్పట్లో ఉన్నది డెక్కన్ ఎయిర్‌వేస్. 1945లో నిజాం ప్రభుత్వ రైల్వే, టాటాలు కలిసి పెట్టిన ఈ కంపెనీ బేగంపేట నుంచి డకోటాలు నడిపింది. 1953లో విమాన కంపెనీలన్నిటినీ కేంద్రం జాతీయం చేసినప్పుడు డెక్కన్ ఎయిర్‌వేస్ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. దేశంలోపలి ఆకాశం ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు, సముద్రం దాటే ఆకాశం ఎయిర్ ఇండియాకు అని వాటాలు పడ్డాయి. ఎయిర్ ఇండియా ఇల్లు బొంబాయి. మన మజిలీ బొంబాయి కావడానికి మూలం ఈ పంపకంలోనే ఉందని నా అభిప్రాయం. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనలేదు. భూపాలపల్లి పక్కనున్న రేగొండకు మొదటి బాయి కూతవేటు దూరం. మూడో దానికి పోవాలంటే మాత్రం రెండోదాంట్లో ఏజెంటు చుట్టూ తిరిగి, వీసా కోసం కాచుకోవాల్సి వచ్చేది.

1960లో బోయింగ్ 707 జెట్‌లు రావడంతో ఎయిర్ ఇండియా లండన్ మీదుగా న్యూయార్క్ అందుకుంది. 1971లో జంబో 747 దిగింది. బయట కిటికీల చుట్టూ రాజస్థానీ ఝరోఖాల రంగులు, పై అంతస్తులో మొదటి తరగతి వాళ్లకు లాంజ్, గుమ్మం దగ్గర చీర కట్టుకున్న ఎయిర్ హోస్టెస్ నమస్కారం. 1946లో ఎయిర్ ఇండియా అధికారి బాబీ కూకా, చిత్రకారుడు ఉమేశ్ రావు కలిసి కంపెనీ గుర్తుగా పుట్టించిన మహారాజా బొమ్మకు తగిన దర్బారు అప్పటికి దొరికింది. జంబోలకు చక్రవర్తుల పేర్లు పెట్టారు: అశోకుడు, షాజహాన్, రాజేంద్ర చోళుడు. ఒకదానికి మన కృష్ణదేవరాయల పేరు. వెనక ఎకానమీలో మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న గల్ఫ్ కూలీకి ఈ వైభవంతో పనిలేదు. ఫారం నింపిపెట్టే మనిషి పక్కసీట్లో దొరికితే అదే పదివేలు.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. ఆగకుండా 15 వేల కిలోమీటర్లకు పైగా ఎగరగల బోయింగ్ 777-200ఎల్ఆర్‌లు ఎనిమిదింటిని ఎయిర్ ఇండియా 2007 నుంచి తెచ్చుకుంది. వాటికి రాష్ట్రాల పేర్లు పెట్టింది. మొదటిదాని పేరు ‘ఆంధ్రప్రదేశ్’. నష్టాలు మోయలేక 2014లో అందులో ఐదింటిని అబుదాబి కంపెనీ ఎతిహాద్‌కు అమ్మేసింది. ‘ఆంధ్రప్రదేశ్’ వాటిల్లో ఒకటి. నేల మీద రాష్ట్రం విడిపోయిన ఏడాదే గాలిలోది చేతులు మారింది. కొన్నవాళ్లు ఆ విమానాలతో అబుదాబి నుంచి లాస్ ఏంజిలిస్‌కు సర్వీసు మొదలుపెట్టారు. మన పిల్లలు డబ్బిచ్చి అబుదాబిలో దిగి, మనం అమ్మిన విమానంలోనే అమెరికా పోయారన్నమాట. ఇంతకన్నా వింత బేరం ఉంటుందా?

బేగంపేట రన్‌వే, టెర్మినల్ చాలక 2008 మార్చి 23 నుంచి రాకపోకలు శంషాబాద్‌కు మారాయి. అక్కడి రన్‌వే 4,260 మీటర్లు, ఎంత పెద్ద విమానమైనా దిగొచ్చు. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా షికాగోకు నేరుగా వారానికొక సర్వీసు వేసింది, అమ్మగా మిగిలిన ఎల్ఆర్‌లతోనే: 238 సీట్లు, పదహారు గంటల పైచిలుకు ప్రయాణం. అది ఎక్కువకాలం నిలవలేదు. గల్ఫ్ కంపెనీలు మాత్రం నిలిచాయి. తెలివి సగం, భూగోళం సగం. మనకూ యూరప్, అమెరికాలకూ మధ్యన ఉన్నాయి వాళ్ల ఊళ్లు. ఎయిర్ ఇండియా 777లో వరసకు తొమ్మిది సీట్లు వేస్తే, ఎమిరేట్స్ అదే వెడల్పులో పది వేసింది. భుజం ఇరుకైంది, టికెట్టు అందుబాటులోకొచ్చింది. మనవాళ్లు దేన్ని ఎంచుకున్నారో చెప్పనక్కర్లేదు.

తిండి గురించి ఒక మాట. విమానం లోపలి గాలి బాగా పొడిగా ఉంటుంది, ముక్కు ఎండి వాసన తెలియదు, నాలుకకు ఉప్పూ తీపీ తక్కువగా అందుతాయి. ట్రేలో వచ్చిన పప్పు చప్పగా ఉండటానికి వంటవాడొక్కడే కారణం కాదు. ఊరగాయ లేనిదే ముద్ద దిగదనే మన పెద్దల పట్టుదలకు ఇక్కడ శాస్త్రం తోడుంది. కానీ 2006లో లండన్‌లో బాంబు కుట్ర బయటపడ్డాక చేతిసంచిలో ద్రవాలపై ఆంక్షలొచ్చాయి, నూనె తేలే తొక్కు సీసా పెద్ద పెట్టెలోకి దిగింది. సకినాలకు మాత్రం ఏ అడ్డూ లేదు.

2022 జనవరిలో టాటాలు తాము స్థాపించిన ఎయిర్ ఇండియాను తిరిగి చేతికి తీసుకున్నాక లోపలి గది మీద పెద్ద ఖర్చు పెట్టారు. పాత 787, 777ల మరమ్మతుకే 40 కోట్ల డాలర్లన్నారు. దేశంలో మొట్టమొదటి ఎయిర్‌బస్ ఎ350ని 2024 జనవరిలో బేగంపేటలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలోనే జనానికి చూపించారు. 316 సీట్లు: తలుపులు మూసుకునే బిజినెస్ గదులు 28, ప్రీమియం ఎకానమీ 24, ఎకానమీ 264. కొత్తదంతా ఆ మధ్య 24లోనే ఉంది. బిజినెస్‌కు చేయి చాలని, పది గంటలు ముడుచుకుని కూర్చోలేని మనుషుల కోసం వేసిన వరస అది. కొడుకు కాన్పు పనికి పిలిస్తే అమెరికా బయల్దేరే తల్లిదండ్రులు నిజానికి అక్కడ కూర్చోవాలి. వాళ్లకు దొరికేది ఆ వెనక 264లో ఒకటి.

మజిలీ మాత్రం మళ్లీ తలెత్తింది. 2025 ఏప్రిల్ 24న పాకిస్తాన్ మన విమానాలకు తన ఆకాశం మూసేసింది. చుట్టు తిరిగి పోవాల్సి రావడంతో ఎయిర్ ఇండియా ఢిల్లీ–అమెరికా విమానాలు కొన్ని వియన్నాలో ఆగి ఇంధనం పోసుకున్నాయి. సెప్టెంబర్ 1 నుంచి వాషింగ్టన్ సర్వీసునే ఆపేశారు. డెబ్బై ఏడేళ్ల కింద జెనీవాలో ఆగిన అవసరమే ఇదీ, కారణం వేరు.

వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉంది. 1981 తర్వాత మూలపడ్డ దానికి 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ అనుమతిచ్చింది. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపు ఇంకోటి రాకూడదన్న ఒప్పందాన్ని, శంషాబాద్ విమానాశ్రయం నడిపే జీఎంఆర్ పక్కన పెట్టాకే అది సాధ్యమైంది. అక్కడ జంబోలు దిగవు, చిన్న విమానాలే ఎగరాలి. అవి ఢిల్లీకి, ముంబయికి తిరిగితే రేగొండ వాళ్ల దారిలో శంషాబాద్ తగ్గుతుంది, బొంబాయి మళ్లీ చేరుతుంది.