దారి వెతికే పని యంత్రానికి అప్పగించిన కథ

1960ల చివర్లో కంప్యూటర్లో దాచిన సమాచారాన్ని తిరిగి బయటికి తీయడమే పెద్ద విద్య. అపోలో చంద్రయాత్రకు కావలసిన లక్షల విడిభాగాల లెక్క చూడటానికి ఐబీఎం తయారుచేసిన ఐఎంఎస్ అనే వ్యవస్థలో రికార్డులు ఒకదాని కింద ఒకటి కొమ్మలు కొమ్మలుగా ఉండేవి. ఏ రికార్డు దగ్గర మొదలుపెట్టాలి, అక్కణ్ణుంచి ఎటు తిరగాలి అన్నది ప్రోగ్రామరే అడుగడుగునా రాయాలి. ఆ అమరిక మారిందా, పాత ప్రోగ్రాములను తిరగరాయక తప్పేది కాదు.

ఈ అవస్థ ఎడ్గార్ కాడ్‌ను నిలవనివ్వలేదు. ఇంగ్లండులో పుట్టి, రెండో ప్రపంచ యుద్ధంలో విమానాలు నడిపిన ఈ గణితవేత్త అప్పటికి కాలిఫోర్నియాలో, శాన్ హోసేలోని ఐబీఎం పరిశోధనశాలలో పనిచేస్తున్నారు. 1970 జూన్‌లో వచ్చిన వ్యాసంలో ఆయన చెప్పింది ఇదీ: సమాచారాన్ని పట్టికలుగా పెట్టండి, ఏం కావాలో అడగండి, ఎలా తేవాలో యంత్రం చూసుకుంటుంది. ఒకే సంగతిని పది చోట్ల రాసి తర్వాత తొమ్మిది చోట్ల దిద్దడం మరిచిపోయే చిక్కుకు కూడా, నార్మలైజేషన్ నియమాలతో ఆయనే విరుగుడు చూపించారు.

సొంత సంస్థే ఆయన మాటను వెంటనే తలకెత్తుకోలేదు. ఐఎంఎస్ బాగా అమ్ముడుపోతున్న రోజులవి. అయితే 1972లో కాడ్ ప్రసంగం విన్న డాన్ చాంబర్లిన్ అనే యువ పరిశోధకుడి మనసు మారిపోయింది. మేనేజరు కన్నా ఎక్కువ జీతం తీసుకుంటున్న ఉద్యోగులెవరు? పాత పద్ధతిలో పేజీలకు పేజీలు ప్రోగ్రాము రాయించే ఇలాంటి ప్రశ్నను కాడ్ ఒక్క వరుసలో తేల్చేశారు. కాకపోతే ఆ వరుస నిండా గణిత చిహ్నాలే. చాంబర్లిన్, ఆయన మిత్రుడు రే బాయిస్ కలిసి మొదట స్క్వేర్ అనే భాషను రూపొందించారు. దాని గుర్తులను కీబోర్డు మీద కొట్టడమే కష్టమైంది. దాన్ని పక్కనపెట్టి, మామూలు ఇంగ్లీషు మాటలతో 1974లో సీక్వెల్‌ను తెచ్చారు. ట్రేడ్‌మార్కు చిక్కు వచ్చి తర్వాత ఎస్‌క్యూఎల్ అయిన భాష ఇదే. అది లోకమంతా పాకడం బాయిస్ చూడలేదు. ముప్పై ఏళ్లైనా నిండకుండా అదే ఏడాది కన్నుమూశారు.

భాష దొరికింది సరే, దారి వెతికేదెవరు? అసలు గండం అక్కడుంది. అనుభవం గల ప్రోగ్రామరు ఎంచుకున్నంత మంచి దారిని యంత్రం ఎంచుకోలేదని విమర్శకులు గట్టిగా వాదించారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. పది పట్టికలను కలపాలంటే, వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా తీసుకునే వరుసలే 36,28,800 ఉంటాయి. మంచి వరుస సెకన్లలో జవాబు తెస్తే, చెడ్డ వరుస గంటలు తినేస్తుంది.

శాన్ హోసే బృందం సిస్టమ్ ఆర్ పేరుతో తొలి నమూనాను 1974–75లో కట్టింది. దారి మంచిదా కాదా అని తేల్చడానికి, పట్టికల్లోంచి ఎన్ని వరుసల సమాచారం తీయాల్సి వస్తుందో లెక్కపెట్టారు. ఆ కొలతే పొరపాటు. ఒకే పేజీలో, అంటే డిస్కు నుంచి ఒక్క విడతలో చదివే ముక్కలో, పక్కపక్కన ఉన్న వంద వరుసలు ఒక్కసారి డిస్కును తడితే వచ్చేస్తాయి. చెల్లాచెదురుగా ఉంటే వందసార్లు తట్టాలి. పైగా ఆ నమూనాకు పట్టికలను జాయిన్ చేయడమే, అంటే కలపడమే, రాదు, జనానికి రోజూ కావలసింది అదే. బృందం ఆ కోడంతా పారేసి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం ఇదే. పనిచేస్తున్న వస్తువును, దాని కొలత తప్పని తెలిశాక వదులుకోవడానికి గుండె ధైర్యం కావాలి.

రెండో ప్రయత్నంలో అదే బృందంలోని పాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు కొలతను మార్చారు. డిస్కు నుంచి ఎన్ని పేజీలు చదవాలి, ప్రాసెసర్‌కు ఎంత పని పడుతుంది అన్నవి కలిపి ఖర్చు కట్టారు. లక్షల దారులనూ తొక్కిచూడకుండా, ముందు రెండేసి పట్టికలను చవకగా కలిపే పద్ధతులు తేల్చుకుని, వాటికి మూడోది, ఆపైన నాలుగోది చేరుస్తూ పోయారు. పట్టికలో ఎన్ని వరుసలున్నాయి, ఎన్ని రకాల విలువలున్నాయి అన్న గణాంకాలే ఆ లెక్కకు ఆధారం. గణాంకం లేని చోట, ఒక విలువతో సరిపోలేవి పదో వంతు ఉంటాయని ఊహించుకున్నారు. ఇంత మోటు ఊహతోనూ యంత్రం చాలాసార్లు మంచి దారే పట్టింది! 1979లో ఆ వ్యాసం వెలువడింది.

అదే ఏడాది, ఐబీఎం పరిశోధకులు దాచుకోకుండా ప్రచురించిన వ్యాసాలు చదివిన ఒక చిన్న సంస్థ, ఐబీఎం కన్నా ముందే ఎస్‌క్యూఎల్ డేటాబేస్‌ను అమ్మకానికి పెట్టింది. దాన్నే ఇప్పుడు ఒరాకిల్ అంటున్నాం. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

ఇప్పటి డేటాబేసులూ చాలావరకు సెలింజర్ బృందం వేసిన బాటలోనే నడుస్తున్నాయి, పాత గణాంకాలు చేతికిస్తే తప్పు దారీ పడుతున్నాయి. మీ క్వెరీ నత్తనడక నడుస్తుంటే దాన్ని తిరగరాసే ముందు ఎక్స్‌ప్లెయిన్ ఆదేశం ఇచ్చి, యంత్రం ఏ దారి ఎంచుకుందో, ఎన్ని వరుసలు వస్తాయని ఊహించిందో చూడండి. ఆ ఊహకూ నిజానికీ పొంతన లేకపోతే ముందు గణాంకాలను తాజా చేయండి.